హ్యావింగ్: గుంపు కట్టాక అడిగే ప్రశ్న

ఇవాళ్టి ఎపిసోడ్ డేటాబేస్ చరిత్ర గురించే, కానీ మొదలుపెట్టేది మాత్రం క్రికెట్‌తో. టెస్ట్ క్రికెట్‌లో బ్యాటింగ్ సగటు అందరికన్నా ఎక్కువ ఎవరిది? ఫోన్ తియ్యకుండానే చెప్పేస్తారు: డాన్ బ్రాడ్‌మన్, 99.94. 52 టెస్టులు, 80 ఇన్నింగ్స్, 6996 పరుగులు. ఎక్కాలు మర్చిపోయినవాళ్ళకి కూడా ఈ అంకె కంఠతా వచ్చు.

ఇప్పుడు ఇంకో పేరు చెప్తాను. ఆండీ గాంటోమ్. ట్రినిడాడ్ ఆటగాడు. 1948 ఫిబ్రవరిలో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో, ఇంగ్లండ్ మీద, వెస్టిండీస్ తరఫున ఓపెనర్‌గా దిగాడు. అదే అతని మొదటి టెస్ట్. ఒక్క ఇన్నింగ్స్‌లోనే బ్యాటింగ్ వచ్చింది, 112 కొట్టి అవుటయ్యాడు. ఆ తర్వాత అతన్ని మళ్ళీ ఏ టెస్ట్‌కీ తీసుకోలేదు. ఒక్క ఇన్నింగ్స్, ఒక్కసారి అవుట్, సగటు 112. ఆ అంకె బ్రాడ్‌మన్ కన్నా పైన ఉంది. ఆస్ట్రేలియా ఆటగాడు కర్టిస్ ప్యాటర్సన్ సంగతి కూడా చూడండి. 2019లో శ్రీలంక మీద రెండు టెస్టులు ఆడాడు. ఒకదాంట్లో 30, రెండోదాంట్లో 114 నాటౌట్. ఆ రెండు టెస్టుల సగటు 144.

మరి జాబితాలో పైన బ్రాడ్‌మన్ పేరే ఎందుకుంది? జాబితా కింద చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది, మనం ఎవరం చదవం: కనీసం 20 ఇన్నింగ్స్. ఆ ఒక్క షరతు గాంటోమ్‌ని, ప్యాటర్సన్‌ని పక్కన పెట్టేసింది. అన్యాయమా? కాదు, సబబే. ఒక్క ఇన్నింగ్స్‌తో మనిషి సత్తా తేల్చలేం. కానీ ఆ షరతు ఎవరు పెట్టారు, ఎక్కడ పెట్టారు, 20 ఎందుకు, 10 ఎందుకు కాదు అని అడగడం కూడా సబబే.

ఈ చిన్న అక్షరాల షరతుకి ఎస్‌క్యూఎల్‌లో ఒక పేరుంది. హ్యావింగ్. ఇవాళ దాని కథ చెప్పుకుందాం. ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది, ఈ మాటని తెలిసి వాడకపోతే మన లెక్కల్లోంచి ఎవరు మాయమవుతారు అనేది చూద్దాం.

ముందు సంగతి ఏంటో తేల్చుకుందాం. ఇన్నింగ్స్ అని ఒక పట్టిక ఉందనుకోండి. ఒక్కో ఇన్నింగ్స్‌కి ఒక్కో వరుస. ఆటగాడి పేరు, కొట్టిన పరుగులు, అవుటైతే 1, నాటౌట్ అయితే 0. బ్రాడ్‌మన్‌కి 80 వరుసలు, గాంటోమ్‌కి ఒకే ఒక్క వరుస. సగటుల జాబితా కావాలంటే ఇలా రాస్తాం:

సెలెక్ట్ ఆటగాడు, 1.0 * సమ్(పరుగులు) / సమ్(అవుట్)
ఫ్రమ్ ఇన్నింగ్స్
గ్రూప్ బై ఆటగాడు
హ్యావింగ్ కౌంట్(*) >= 20

నిజంగా టైప్ చేసేటప్పుడు ఇవి ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి, నేను చదివి వినిపిస్తున్నాను అంతే. మధ్యలో ఆ 1.0 ఎందుకంటే, కొన్ని డేటాబేస్‌లు పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశాలు పారేస్తాయి. పాపం బ్రాడ్‌మన్ 99 దగ్గరే ఆగిపోతాడు.

మిషన్ దీన్ని చదివే వరుస వేరు, మనం రాసే వరుస వేరు. రాయడం సెలెక్ట్‌తో మొదలెడతాం. మిషన్ మాత్రం ముందు ఫ్రమ్ చూస్తుంది, అంటే పట్టిక తెరుస్తుంది. తర్వాత వేర్ ఉంటే, ఒక్కో వరుసని పట్టుకుని ఉంచాలా తీసెయ్యాలా అని చూస్తుంది. తర్వాత గ్రూప్ బై, అంటే ఒకే పేరున్న వరుసలన్నీ ఒక కట్టగా కడుతుంది. ఆ తర్వాత హ్యావింగ్, అంటే ఒక్కో కట్టని పట్టుకుని ఉంచాలా తీసెయ్యాలా అని చూస్తుంది. ఇవన్నీ అయ్యాకే సెలెక్ట్, ఆఖర్న ఆర్డర్ బై.

అందుకే కౌంట్, సమ్, యావరేజ్ లాంటివి వేర్‌లో రాస్తే డేటాబేస్ ఒప్పుకోదు. పోస్ట్‌గ్రెస్ అయితే ఇలాంటి ఫంక్షన్లు వేర్‌లో కుదరవని మొహం మీదే చెప్తుంది. కారణం చాలా సింపుల్. వేర్ నడిచే సమయానికి కట్టలు ఇంకా కట్టలేదు. లేని కట్టలో ఎన్ని కాగితాలున్నాయో ఎలా లెక్కపెడతాం?

వేర్ వరుసలకి, హ్యావింగ్ గుంపులకి. ఈ ముక్క అమీర్‌పేటలో ఏ కోచింగ్ సెంటర్‌లో కూర్చున్నా మొదటి వారంలోనే చెప్పేస్తారు. ఇంటర్వ్యూలో అడుగుతారు, మనం అప్పజెప్తాం, అయిపోయింది. కానీ నాకు ఈ జవాబు సగమే అనిపిస్తుంది. మిగతా సగం చూపిస్తాను.

బ్రాడ్‌మన్ కెరీర్‌లో 7 సార్లు సున్నాకి అవుటయ్యాడు. అందులో ఆఖరిది ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్న సున్నా. 1948 ఆగస్ట్ 14, ఓవల్ మైదానం, ఎరిక్ హోలీస్ బంతి. ఆ రోజు 4 పరుగులు కొట్టి అవుటైనా సగటు సరిగ్గా 100 అయ్యేది. ఇప్పుడు మన క్వెరీలో ఎవరో "సున్నాలెందుకులే, చెత్త" అనుకుని వేర్ పరుగులు > 0 అని ఒక లైన్ చేర్చారనుకోండి. ఆ 7 వరుసలూ పోతాయి. 70 సార్లు అవుటైన మనిషి 63 సార్లే అవుటైనట్టు లెక్క. సగటు 111.05 వస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. అంకె నీట్‌గా వచ్చి కూర్చుంటుంది. కానీ అది అబద్ధం.

తేడా గమనించారా? వేర్ గుంపు లోపలి సరుకుని మారుస్తుంది, కాబట్టి జవాబు అంకెనే మార్చేస్తుంది. హ్యావింగ్ ఏ అంకెనీ ముట్టుకోదు. గాంటోమ్ సగటు 112గానే ఉంటుంది, మనకి కనపడదు అంతే. ఒకటి లెక్క మారుస్తుంది, ఇంకోటి లెక్కని దాస్తుంది. రెండూ ఫిల్టర్లే, కానీ రెండింటి బాధ్యత వేరు. ఇంటర్వ్యూలో ఈ సంగతి ఎవరూ అడగరు.

సరే, ఇప్పుడు వెనక్కి వెళ్దాం. గుంపు కట్టి లెక్కపెట్టడం కంప్యూటర్‌తో పుట్టలేదు.

1880 అమెరికా జనాభా లెక్కల్ని చేత్తో క్రోడీకరించడానికి ఏడెనిమిదేళ్ళు పట్టింది. ఇంకో జనాభా లెక్కలు ముంచుకొస్తున్నాయి, పాతవి ఇంకా తేలలేదు. అప్పుడు హెర్మన్ హాలరిత్ అనే ఇంజనీర్ ఒక మిషన్ చేశాడు. 1890 లెక్కలకి దాన్నే వాడారు. ఒక్కో మనిషికి ఒక్కో కార్డు. వయసు, ఆడా మగా, పుట్టిన చోటు, ఇలా ఒక్కో వివరానికి ఒక్కో చోట చిల్లు. కార్డుని ప్రెస్‌లో పెట్టి నొక్కితే, చిల్లు ఉన్నచోట సూది కిందకి దిగి పాదరసం ఉన్న చిన్న గిన్నెని తాకుతుంది. కరెంటు ప్రవహిస్తుంది, గడియారం లాంటి ముల్లు ఒక అంకె ముందుకి జరుగుతుంది. పక్కనే ఉన్న అరల పెట్టెలో సరైన అర మూత తెరుచుకుంటుంది. క్లర్కు కార్డుని అందులో వేస్తాడు.

చూడండి, ముల్లు జరగడం అంటే కౌంట్. అర తెరుచుకోవడం అంటే గ్రూప్ బై. మరి హ్యావింగ్? ఆ పెట్టెలో దానికి అర లేదు. లెక్కలన్నీ కాగితం మీదకి ఎక్కాక, "ఇంతకన్నా ఎక్కువ ఉన్న జిల్లాలు ఏవి" అని మనిషే వేలు పెట్టి చూసుకుని, పెన్సిల్‌తో టిక్కు పెట్టుకోవాలి. గుంపుల్ని లెక్కపెట్టడం మిషన్ పని, గుంపుల్ని ఎంచడం మనిషి పని.

హాలరిత్ 1896లో కంపెనీ పెట్టాడు. అది 1911లో మరికొన్ని కంపెనీలతో కలిసింది. ఆ కలిసిన కంపెనీయే 1924లో పేరు మార్చుకుని ఐబీఎమ్ అయింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కథ మళ్ళీ అక్కడికే వస్తుంది.

కంప్యూటర్లు వచ్చాక ఎంపిక పని ప్రోగ్రామర్ మీద పడింది. కోబాల్‌లో రిపోర్టులు రాసినవాళ్ళని అడగండి, చెప్తారు. ముందు ఫైల్ మొత్తాన్ని డిపార్ట్‌మెంట్ వారీగా వరుస పెట్టాలి. ఒక్కో రికార్డు చదువుతూ మొత్తం కూడుతూ పోవాలి. డిపార్ట్‌మెంట్ పేరు మారిందా, ఆగాలి. వచ్చిన మొత్తం మన షరతుకి తగ్గట్టుందా చూడాలి. ఉంటే అచ్చు వెయ్యాలి, లేకపోతే వదిలెయ్యాలి. కూడికని సున్నా చేసి మళ్ళీ మొదలు. ఆఖరి డిపార్ట్‌మెంట్ అయ్యాక ఫైల్ అయిపోతుంది కాబట్టి పేరు మారదు. దాన్ని విడిగా చూసుకోవాలి. మర్చిపోతే ఆఖరి గుంపు రిపోర్టులోంచి ఎగిరిపోతుంది. ఒక్క చిన్న ప్రశ్నకి అంత తతంగం.

1970లో ఐబీఎమ్ శాన్‌హోసే ల్యాబ్‌లో పనిచేసే ఎడ్గర్ కాడ్ ఒక పేపర్ రాశాడు. పుట్టింది ఇంగ్లండ్‌లో, రెండో ప్రపంచ యుద్ధంలో రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో పనిచేశాడు. అతను చెప్పిన మాట సూటిగా చెప్పుకుంటే ఇది: డేటాని పట్టికలుగా చూడండి. ఏం కావాలో మనిషి చెప్పాలి, ఎలా తేవాలో మిషన్ చూసుకోవాలి. ఆలోచన అద్భుతం. కానీ అతని భాషలో అన్నీ గణిత చిహ్నాలు. అకౌంట్స్ సెక్షన్‌లో కూర్చున్న మనిషి అది చూస్తే దండం పెట్టి వెళ్ళిపోతాడు.

ఇక్కడ ఇద్దరు కుర్రాళ్ళు వస్తారు. డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్. వీళ్ళు కూడా ఐబీఎమ్ వాళ్ళే. మొదట స్క్వేర్ అని ఒక భాష చేశారు. అందులో అక్షరాల కింద చిన్న అక్షరాలు రాయాలి, కీబోర్డు మీద కొట్టడమే కష్టం. దాన్ని మార్చి, మామూలు ఇంగ్లిష్ మాటలతో సీక్వెల్ అని చేశారు. 1974లో మిషిగన్‌లోని యాన్ ఆర్బర్‌లో జరిగిన ఒక సమావేశంలో ఆ పేపర్ చదివారు. ఆ కొద్ది రోజులకే బాయిస్ మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయాడు. ఇంకా ముప్పై కూడా నిండలేదు. బీటెక్‌లో బాయిస్-కాడ్ నార్మల్ ఫామ్ అని బట్టీ పడతాం చూశారా, ఆ బాయిస్ ఇతనే.

వీళ్ళ పట్టుదల ఒకటే. ప్రోగ్రామర్ కాని మనిషి కూడా ఇది రాయగలగాలి. అందుకే ఫిలిస్ రైస్నర్ అనే పరిశోధకురాలు కాలేజీ విద్యార్థుల్ని కూర్చోబెట్టి స్క్వేర్, సీక్వెల్ నేర్పి, ఎవరు ఎక్కడ తడబడుతున్నారో పరీక్షించింది. ఆ ఫలితాలు 1975లో అచ్చయ్యాయి. ఒక కంప్యూటర్ భాషని మామూలు మనుషుల మీద అలా పరీక్షించి చూడటం ఆ రోజుల్లో కొత్త.

బాయిస్ పోయాక చాంబర్లిన్, మిగతా బృందం పని ఆపలేదు. 1976లో ఐబీఎమ్ వాళ్ళ పత్రికలో సీక్వెల్ 2 గురించి పెద్ద పేపర్ వచ్చింది. మన కథానాయిక హ్యావింగ్ అందులో ఉంది. అక్కడి ఉదాహరణ మన ఆఫీసుల్లో ఇప్పటికీ అడిగే ప్రశ్నే: సగటు జీతం ఫలానా అంకె కన్నా తక్కువ ఉన్న డిపార్ట్‌మెంట్లు ఏవి? కోబాల్‌లో పేజీ నిండే తతంగం ఇక్కడ నాలుగు లైన్లు. హాలరిత్ పెట్టెలో లేని అర దొరికింది. గుంపుల్ని ఎంచే పని కూడా మిషన్ చేతికి వచ్చింది.

కానీ కొత్త మాట ఎందుకు కావాల్సి వచ్చింది? వేర్‌నే రెండోసారి, గ్రూప్ బై తర్వాత రాయనివ్వచ్చు కదా?

వాళ్ళ భాషలో క్వెరీ ఒక దిమ్మ లాంటిది. సెలెక్ట్, ఫ్రమ్, వేర్. ఒక్కో మాటకి ఒక్కో చోటు, ఒక్కో పని. ఫ్రమ్ తర్వాత పట్టిక పేరే రావాలి, ఇంకో క్వెరీ రావడానికి లేదు. అంటే ముందు గుంపులు కట్టి, ఆ ఫలితాన్నే ఒక పట్టికగా తీసుకుని, దాని మీద మళ్ళీ వేర్ రాసే దారి లేదు. ఆ లేని దారికి వేసిన చిన్న వంతెన హ్యావింగ్.

సీక్వెల్ అనే పేరు బ్రిటన్‌లో ఒక విమానాల కంపెనీ ట్రేడ్‌మార్క్ అని తేలడంతో, దాన్ని ఎస్‌క్యూఎల్ చేశారు. 1979లో ఐబీఎమ్ కన్నా ముందే ఇంకో చిన్న కంపెనీ దాన్ని అమ్మకానికి పెట్టింది. దాని ప్రోడక్ట్ పేరు ఒరాకిల్. 1986లో అమెరికా ప్రమాణం, 1987లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చాయి. 1992 ప్రమాణంలో ఫ్రమ్ లోపల ఇంకో క్వెరీ పెట్టే వీలు వచ్చింది. ఇలా:

సెలెక్ట్ * ఫ్రమ్
(సెలెక్ట్ ఆటగాడు, కౌంట్(*) యాజ్ ఎన్ని ఫ్రమ్ ఇన్నింగ్స్ గ్రూప్ బై ఆటగాడు) యాజ్ లెక్క
వేర్ ఎన్ని >= 20

ఇక్కడ హ్యావింగ్ లేదు, అయినా గాంటోమ్ మాయం. అంటే ఆ రోజు నుంచి హ్యావింగ్ లేకపోయినా పని జరుగుతుంది. క్రిస్ డేట్, హ్యూ డార్వెన్ లాంటి పండితులు ఈ మాట భాషకి అనవసర భారం అని విమర్శించారు. 2024లో గూగుల్ ఇంజనీర్లు పైప్ పద్ధతి అని కొత్త రకం ఎస్‌క్యూఎల్ గురించి పేపర్ రాశారు. అందులో పనులు జరిగే వరుసలోనే రాసుకుంటూ పోతాం. గుంపు కట్టకముందు షరతు పెట్టాలన్నా వేర్, గుంపు కట్టాక పెట్టాలన్నా అదే వేర్. అయినా హ్యావింగ్ పోలేదు. ఊరికి బైపాస్ రోడ్డు పడ్డా పాత వంతెన మీద జనం నడుస్తూనే ఉంటారు కదా, ఇదీ అంతే.

ఇంతవరకూ భాష చరిత్ర. ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఆ గుంపుల్లో ఉండేది మనమే.

మెసచూసెట్స్ రాష్ట్రం, 1990ల మధ్యలో సంగతి. అక్కడ ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య బీమా చూసే సంస్థ, ఆసుపత్రి రికార్డుల్ని పరిశోధకులకి ఇచ్చింది. పేర్లు, చిరునామాలు తీసేశాం, ఇంకేం భయం లేదు అనుకున్నారు. కానీ పుట్టినతేదీ, ఆడా మగా, పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్, ఈ మూడూ అలాగే ఉన్నాయి. లటన్యా స్వీనీ అనే విద్యార్థిని 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జ్ ఊరి ఓటర్ల జాబితా కొన్నది. గవర్నర్ విలియం వెల్డ్ ఆ ఊళ్ళోనే ఉంటాడు. ఆయన పుట్టినతేదీ ఉన్నవాళ్ళు జాబితాలో ఆరుగురు. వాళ్ళలో మగవాళ్ళు ముగ్గురు. ఆయన జిప్ కోడ్‌లో ఉన్నది ఒక్కరే. అంతే, పేరు లేని రికార్డుల్లో గవర్నర్ గారి ఆరోగ్య వివరాలు దొరికిపోయాయి.

దీన్ని మన భాషలో చెప్పండి. గ్రూప్ బై పుట్టినతేదీ, లింగం, జిప్ కోడ్. హ్యావింగ్ కౌంట్(*) = 1. ఆ క్వెరీలో వచ్చిన ప్రతి వరుసా, గుంపులో ఒంటరిగా దొరికిపోయిన ఒక మనిషి.

దీనికి మందు కూడా అదే మాటలో ఉంది. పియరాంజెలా సమరాటితో కలిసి స్వీనీ 1998లో కె-అనానిమిటీ అనే పద్ధతి చెప్పింది. బయటికి ఇచ్చే డేటాలో ప్రతి గుంపులోనూ కనీసం కె మంది ఉండాలి. హ్యావింగ్ కౌంట్(*) < కె అని అడిగితే ఖాళీ జవాబు రావాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య గణాంకాల సైట్ సీడీసీ వండర్ చూడండి. రాష్ట్రం, కౌంటీ స్థాయిలో మరణాల సంఖ్య 10 కన్నా తక్కువ ఉంటే అంకె చూపించదు. చిన్న ఊళ్ళో ఫలానా జబ్బుతో పోయింది ఇద్దరే అంటే, వాళ్ళెవరో ఊరంతటికీ తెలిసిపోతుంది కాబట్టి.

ఇది పూర్తి కవచం కాదని మాత్రం అప్పటికే తెలుసు. 1979లోనే డొరొతీ డెన్నింగ్, పీటర్ డెన్నింగ్, మేయర్ ష్వార్ట్జ్ ట్రాకర్ అనే దాడి గురించి రాశారు. సింపుల్‌గా చెప్తాను. 5 మంది కన్నా తక్కువున్న గుంపు లెక్క చెప్పం అని ఒక ఆఫీసు రూల్ పెట్టిందనుకోండి. నేను ముందు 40 మంది జీతాల మొత్తం అడుగుతాను. తర్వాత ఒక్కరు తప్ప మిగతా 39 మంది మొత్తం అడుగుతాను. రెండూ పెద్ద గుంపులే, రెండూ రూల్ దాటేస్తాయి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఆ ఒక్కరి జీతం నా చేతిలో ఉంటుంది.

ఇప్పుడు ఇదే నాణేనికి రెండో వైపు. చిన్న గుంపుని దాస్తే ఆ మనుషులకి రక్ష. కానీ ఆ దాచిన రిపోర్టు చూసే డబ్బులు పంచుతారు, డాక్టర్లని వేస్తారు, రోడ్లు వేస్తారు. హ్యావింగ్ కౌంట్(*) >= 10 అని రాసిన రిపోర్టులో పెద్ద ఊళ్ళన్నీ ఉంటాయి, పది గడపల గూడెం ఉండదు. ఎవరూ వాళ్ళని కావాలని తీసెయ్యలేదు. ఎవరో ఒక టేబుల్ దగ్గర కూర్చుని, స్క్రీన్ నీట్‌గా ఉండాలని, ఒక అంకె టైప్ చేశారు. గాంటోమ్‌కి పోయింది జాబితాలో ఒక స్థానమే. గూడేనికి పోయేది మందుల సరఫరా కావచ్చు.

ఇంకా లోతుకి వెళ్తే, అసలు ప్రమాదం ఇక్కడుంది. ఆసుపత్రికి వచ్చినవాళ్ళ పట్టిక ఉంది. ఒక్కో మనిషికి ఒక వరుస, అందులో ఊరి పేరు. "ఒక్కరు కూడా ఆసుపత్రికి రాని ఊళ్ళు ఏవి?" అని అడగాలి. చాలామంది చెయ్యి ఆటోమేటిక్‌గా ఇలా రాసేస్తుంది: గ్రూప్ బై ఊరు, హ్యావింగ్ కౌంట్(*) = 0.

జవాబు ఖాళీ వస్తుంది. చూసినవాళ్ళు సంతోషిస్తారు, అబ్బా, అన్ని ఊళ్ళ నుంచీ జనం వస్తున్నారు అని. కానీ ఆ క్వెరీకి ఎప్పుడు నడిపినా ఖాళీయే వస్తుంది. ఎందుకు? గుంపు కట్టడానికి కనీసం ఒక్క వరుసైనా ఉండాలి. ఎవరూ రాని ఊరికి వరుసే లేదు, కాబట్టి గుంపే లేదు, కాబట్టి హ్యావింగ్ ముందుకి ఆ ఊరు రానే రాదు. వేర్ వరుసల్ని తీసేస్తుంది, హ్యావింగ్ గుంపుల్ని తీసేస్తుంది. కానీ అసలు పట్టికలోకే ఎక్కనివాళ్ళని ఎవరూ తీసెయ్యక్కర్లేదు.

దీనికి దారి ఒకటే. వచ్చినవాళ్ళ పట్టికతో కాదు, ఊళ్ళ జాబితాతో మొదలుపెట్టాలి. అన్ని ఊళ్ళ పేర్లూ ఉన్న పట్టిక ఒకటి ముందు పెట్టుకుని, దానికి వచ్చినవాళ్ళ పట్టికని లెఫ్ట్ జాయిన్‌తో కలపాలి. ఎవరూ రాని ఊరికి పక్కన ఖాళీ గడి వస్తుంది, దాన్నే నల్ అంటాం. అప్పుడు కూడా కౌంట్(*) రాయకూడదు, అది ఆ ఖాళీ వరుసని కూడా ఒకటిగా లెక్కేస్తుంది. కౌంట్(రోగి నంబర్) అని రాయాలి, అది ఖాళీ గడుల్ని వదిలేస్తుంది:

సెలెక్ట్ ఊళ్ళు.పేరు
ఫ్రమ్ ఊళ్ళు లెఫ్ట్ జాయిన్ వచ్చినవాళ్ళు
ఆన్ వచ్చినవాళ్ళు.ఊరు = ఊళ్ళు.పేరు
గ్రూప్ బై ఊళ్ళు.పేరు
హ్యావింగ్ కౌంట్(వచ్చినవాళ్ళు.రోగి_నంబర్) = 0

ఒకే పేరుతో రెండు ఊళ్ళుంటాయి కదా అంటారా, నిజమే. అసలు పనిలో పేరు బదులు ఊరి కోడ్ వాడండి.

ఈ అవుటర్ జాయిన్ ఆలోచన గురించి కాడ్ 1979లో రాసిన పేపర్‌లో ఉంది. లెఫ్ట్ జాయిన్ అనే మాట ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోకి వచ్చింది మాత్రం 1992లో. అంటే "ఎన్ని ఉన్నాయి" అని గుంపుల్ని అడిగే మాట 1976లోనే దొరికితే, "ఎవరు లేరు" అని తేలిగ్గా అడిగే మాట ప్రమాణంలోకి రావడానికి ఇంకో 16 ఏళ్ళు పట్టింది.

మనలో క్వెరీలు రాసేవాళ్ళు కొంతమందే ఉండొచ్చు. కానీ వాటి జవాబులు మనందరం రోజూ చూస్తున్నాం. ఫుడ్ యాప్‌లో 4 స్టార్లు దాటిన హోటళ్ళు, సినిమాల టాప్ లిస్టు, మీ జిల్లా ర్యాంకు, మీ కాలేజీ ప్లేస్‌మెంట్ సగటు. ఈసారి అలాంటి జాబితా కనపడితే మూడు ప్రశ్నలు అడగండి. గుంపు కట్టకముందు ఏ వరుసలు తీసేశారు? ప్లేస్‌మెంట్ సగటులో ఉద్యోగం రానివాళ్ళ వరుసలు ఉన్నాయా? గుంపు కట్టాక ఏ అంకె దగ్గర గీత గీశారు? అసలు ఆ పట్టికలోకి ఎక్కనివాళ్ళు ఎవరు?

మొదటిది వేర్ ప్రశ్న, రెండోది హ్యావింగ్ ప్రశ్న. మూడోదానికి క్వెరీలో ఏ మాటా దానంతటది రాదు. ఊళ్ళ జాబితా ముందు పెట్టుకోవాలని మనిషికే తోచాలి.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. ఆ ఆఖరి క్వెరీని మీ ఫోన్‌లోనే ఏదైనా ఉచిత ఎస్‌క్యూఎల్ సైట్‌లో, రెండు చిన్న పట్టికలు చేసుకుని నడిపి చూడండి. ఒకసారి కౌంట్(*) పెట్టి, ఒకసారి రోగి నంబర్ పెట్టి. తేడా కళ్ళారా చూస్తే ఇక మర్చిపోరు. వచ్చే ఎపిసోడ్‌లో ఆ ఖాళీ గడి గురించే మాట్లాడుకుందాం, నల్ కథ. ఉంటాను మరి.